తిరగబడ్డ హ్యాండిల్

డెట్రాయిట్ నది మధ్యలో బెల్ ఐల్ అనే లంక ఉంది. నగరంలో వాళ్లు తీరిక దొరికితే గాలి పోసుకోవడానికి అక్కడికి వెళ్తారు. ఒడ్డు నుంచి లంకకు ఒక వంతెన. చలికాలంలో ఒకరోజు ఆ వంతెన మీద ఓ కారు ఆగిపోయింది. స్టీరింగ్ ముందు ఒక మహిళ, ఒక్కతే. ఇంజన్ మళ్లీ అందుకోవాలంటే ఎవరో ఒకరు బండి ముందుకొచ్చి, రేడియేటర్ కింద ఉన్న ఇనప హ్యాండిల్ పట్టుకుని బలంగా తిప్పాలి.

ఆ దారినే వస్తున్న ఇంకో కారు ఆగింది. దిగినాయన బైరన్ కార్టర్. ఇంజన్ల సంగతి ఇంకొకరు చెప్పాల్సిన మనిషి కాదు. తన పేరుతోనే కార్టర్‌కార్ అనే బండ్లు తయారుచేయించినవాడు. పళ్ల చక్రాల గేరుపెట్టె లేకుండా, రెండు చక్రాల రాపిడితోనే నడిచే కారును రూపొందించినవాడు. ఆయన కోటు చేతులు పైకి లాక్కుని హ్యాండిల్ అందుకున్నాడు.

ఆ రోజుల్లో హ్యాండిల్ పట్టడానికి ఒక పద్ధతి ఉండేది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి, హ్యాండిల్ చుట్టూ బిగించకూడదు. పైనుంచి కిందికి తొయ్యకూడదు, కింద నుంచి పైకి లాగాలి. అన్నిటికన్నా ముందు స్టీరింగ్ దగ్గరుండే స్పార్క్ మీటను వెనక్కి జరపాలి. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు పిస్టన్ పైకంటా చేరకముందే నిప్పురవ్వ పడాలి, అప్పుడే బలం వస్తుంది. మనిషి చేత్తో నెమ్మదిగా తిప్పేటప్పుడు రవ్వ అంత ముందుగా పడితే మాత్రం, పైకి వస్తున్న పిస్టన్‌ని ఆ మంట కిందికి తంతుంది. ఆ తన్ను క్రాంక్ షాఫ్ట్ మీదుగా హ్యాండిల్‌కి, హ్యాండిల్ నుంచి దాన్ని పట్టుకున్న మనిషికి చేరుతుంది.

ఆ మహిళ స్పార్క్ మీట జరపలేదు. కార్టర్ హ్యాండిల్ లాగాడు. అది తిరగబడి వచ్చి ఆయన ముఖానికి తగిలింది. దవడ విరిగింది. గాయం ముదిరింది, న్యుమోనియా పట్టుకుంది. కోలుకోలేదు.

డెట్రాయిట్‌లో తరాలుగా చెప్పుకునే వృత్తాంతం ఇది. చెప్పేవాళ్లలో కొందరు దీన్ని 1910 శీతాకాలానికి జరుపుతారు. అది పొసగదు, కార్టర్ న్యుమోనియాతో చనిపోయింది 1908 ఏప్రిల్‌లో. తేదీల దగ్గర తడబాటు ఉన్నా, హ్యాండిల్ తన్నడం మాత్రం ఆ కాలంలో రోజూ ఎక్కడో ఒకచోట జరిగేదే. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక విరిగితే ఎముకల డాక్టర్లు ఇప్పటికీ దాన్ని షోఫర్ ఫ్రాక్చర్ అంటారు. హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకున్న డ్రైవర్లే ఆ పేరుకు కారణం.

కార్టర్ చావు కబురు హెన్రీ లెలాండ్ చెవిన పడింది. కాడిలాక్ కంపెనీ పెద్ద ఆయనే. కార్టర్ ఆయనకు తెలిసినవాడు. వంతెన మీద ఆగిన కారు కాడిలాకేనని కూడా చెబుతారు. లెలాండ్ అప్పటికి అరవై దాటిన మనిషి. కుర్రతనంలో అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో ఆయుధ కర్మాగారాల్లో పనిచేసి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఇనుము కొయ్యడం నేర్చుకున్నాడు. 1908లోనే లండన్ దగ్గర బ్రూక్‌ల్యాండ్స్‌లో మూడు కాడిలాక్ కార్లను ఊడదీసి, భాగాలన్నీ కలగలిపి, మళ్లీ మూడు కార్లు బిగించి నడిపి చూపించారు. ఏ భాగం ఏ బండిలోనైనా సరిపోయింది. దానికి డ్యూవర్ ట్రోఫీ వచ్చింది. అంత కచ్చితంగా తయారైన యంత్రమే సాయం చేయబోయిన మనిషి ప్రాణం తీసిందనే మాట లెలాండ్‌ని కుదిపేసింది. తన బండి వల్ల ఇంకొకరు దెబ్బతినడానికి వీల్లేదని, హ్యాండిల్ పోవాల్సిందేనని ఇంజినీర్లకు చెప్పాడు.

చెప్పడం తేలికే. గాలి ఒత్తిడితో ఇంజన్ తిప్పే ఏర్పాట్లు, స్ప్రింగులతో తిప్పేవి, కరెంటు మోటార్లు, అన్నీ అప్పటికే ఎవరో ఒకరు ప్రయత్నించారు. కరెంటు మోటారు దగ్గర లెక్కే అడ్డం పడేది. అంత పెద్ద ఇంజన్ని తిప్పాలంటే దాదాపు ఇంజన్ అంత మోటారు, దానికి తగ్గ బ్యాటరీలు కావాలని విద్యుత్ ఇంజినీర్లు తేల్చేశారు. కార్లో మనుషులకు చోటెక్కడ?

ఆ లెక్క తప్పని చూపించినవాడు ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ఉన్నాడు. పేరు చార్లెస్ కెటరింగ్. 1876లో పల్లెటూళ్లో, రైతు ఇంట్లో పుట్టాడు. చూపు సరిగా ఆనక చదువు మధ్యలో ఆపాల్సి వచ్చినా, మళ్లీ చేరి 1904లో ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం. దుకాణాల్లో డబ్బు పెట్టె తెరవడానికి గుమస్తా చేత్తో మీట తిప్పే అవసరం లేకుండా, చిన్న కరెంటు మోటారుతో తెరుచుకునేలా చేశాడు. ఆ పెట్టెలోని మోటారు రోజంతా తిరగదు. ఒక్క క్షణం బలంగా తిరిగి ఆగిపోతుంది. ఆ ఒక్క క్షణం దానికి తాహతుకు మించిన పని చెప్పినా ఏమీ కాదు, వేడెక్కేలోపే పని అయిపోతుంది.

మన ధాన్యం కాటా దగ్గర హమాలీని చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 75 కిలోల బస్తా వీపున వేసుకుని పది అడుగులు నడిచి లారీలో పడేస్తాడు. అదే బస్తాతో పగలంతా నిలబడమంటే ఎవరి వల్లా కాదు. ఇంజినీర్లు రోజంతా నిలబడే మోటారుకు లెక్క కట్టారు, కెటరింగ్ పది అడుగుల మోటారు చాలన్నాడు.

తోటి ఉద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనక ఒక కొట్టం ఉంది. పగలు కంపెనీలో ఉద్యోగం, రాత్రిళ్లు, సెలవు రోజులు ఆ కొట్టంలో పని. ఇంకొందరు స్నేహితులు తోడయ్యారు. డెల్కో అనే పేరుతో 1909లో కంపెనీ పెట్టి, ముందు కాడిలాక్‌కే ఇగ్నిషన్ సరంజామా తయారుచేసి ఇచ్చారు. ఆ నమ్మకంతోనే లెలాండ్ హ్యాండిల్ సమస్య వీళ్ల ముందు పెట్టాడు.

కొట్టంలో ఆ చలికాలం ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. కాడిలాక్ ఇంజన్ ఒకటి నేల మీద బిగించి ఉంది. మోటారు పళ్లు ఫ్లైవీల్ పళ్లకు ఒరుసుకుని కరకరమంటున్నాయి. పళ్లు కలిస్తే మోటారు లాగలేదు. మోటారు లాగితే బ్యాటరీ దిగిపోయింది. చివరకు కుదిరిన ఏర్పాటు ఇది. మోటారూ డైనమో రెండూ ఒకే యంత్రం. ఇంజన్ని లేపేటప్పుడు 24 వోల్టుల మీద మోటారుగా తిరుగుతుంది. ఇంజన్ లేచాక అదే 6 వోల్టుల మీద డైనమోగా మారి, ఖర్చయిన కరెంటు తిరిగి బ్యాటరీలో నింపుతుంది. 1911 ఫిబ్రవరిలో కాడిలాక్ బండి మీద అది పనిచేసింది. జూన్‌లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1915 ఆగస్టులో చేతికొచ్చింది. అప్పటికే 1912 మోడల్ కాడిలాక్‌లు హ్యాండిల్ అవసరం లేకుండా రోడ్ల మీద తిరుగుతున్నాయి. కాడిలాక్ కంపెనీకి రెండోసారి డ్యూవర్ ట్రోఫీ కూడా వచ్చింది.

ఆ 1912 బండి స్టార్ట్ చేసే విధానం ఒక్కటి మాత్రం నేను మరీ మరీ తలుచుకుంటాను. డ్రైవరు సీట్లో కూర్చోవాలి. స్పార్క్ మీట వెనక్కి జరపాలి. తర్వాత క్లచ్ పెడల్ తొక్కాలి. క్లచ్ తొక్కితేనే మోటారు పళ్లు ఫ్లైవీల్‌తో కలిసి ఇంజన్ తిరుగుతుంది. అంటే ఇంజన్‌కీ చక్రాలకీ మధ్య లంకె తెగాకే స్టార్టరు కదులుతుంది. మనిషి చెయ్యి కాపాడాలని మొదలుపెట్టిన పని, ఆ మనిషి సీట్లో ఉన్నాడా, కాలు క్లచ్ మీద ఉందా అని చూసుకునే దాకా వచ్చింది. పుట్టిన రోజు నుంచే స్టార్టరు బుద్ధి అది.

తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. ఫోర్డ్ మోడల్ టీ బండికి 1919 నాటికి గాని కరెంటు స్టార్టరు రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపుకు కాలితో నొక్కే స్టార్టరు ఉండేది. మన పెద్ద లారీల్లో ఈనాటికీ రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేసి ఇంజన్ లేపుతారు.

కృష్ణా పశ్చిమ డెల్టాలో మాత్రం హ్యాండిల్ అంత త్వరగా పోలేదు. కాలవ నీళ్లు అందని చేలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు హ్యాండిల్‌తోనే లేచేవి. చుండూరు, మోదుకూరు, వలివేరు, ఆలపాడు, ఏ ఊళ్లో అడిగినా ఆ పని చేసిన చేతులు కనిపిస్తాయి. ఒకరు డీకంప్రెషన్ మీట ఎత్తి పట్టుకుంటారు. ఇంకొకరు హ్యాండిల్ తిప్పి తిప్పి వేగం తెస్తారు. అందుకుందనగానే మీట వదలాలి, హ్యాండిల్ లాగేసుకోవాలి. హ్యాండిల్ షాఫ్టుకు పట్టేసి ఊడకపోతే అది ఇంజన్‌తో పాటే గిర్రున తిరుగుతుంది, ఎటు విసిరేస్తుందో చెప్పలేం. పంట బోదె పక్కన, చీకట్లో, తడికాళ్లతో ఆ పని చేసినవాళ్లకు బెల్ ఐల్ వంతెన కథ పరాయిదిగా తోచదు.

ఇప్పుడు ఆ ఊళ్లలోకే నొక్కితే బండి స్టార్టయ్యే బటన్ వచ్చింది. ఫోన్లో చూసి ఆర్డరు పెడితే కిట్టు ఇంటికే వస్తోంది. అట్టపెట్టెలో గుండ్రటి బటన్, రెండు రిమోట్లు, నల్లటి కంట్రోల్ పెట్టె, రంగురంగుల వైర్ల కట్ట. కొత్త కార్లలో చూసిన సోకు తమ మినీ లారీలోనూ ఉండాలని కుర్ర ఓనర్లకు ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. రోజుకు పదహారు గంటలు తానుండే చోటును మనిషి ముచ్చటగా పెట్టుకోవాలనుకుంటాడు. నా బెంగల్లా ఆ పెట్టెలో బటన్ వచ్చినంత తేలికగా దాని బుద్ధి రాకపోవడమే.

చుండూరు నుంచి తెనాలి వెళ్లే రోడ్డు మీద ఇలాంటి పని ఎలా సాగుతుందో ఒక షెడ్డులో చూద్దాం. మేస్త్రీకి, ఓనరుకు పేర్లు పెట్టడం లేదు. ఈ చుట్టుపక్కల ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఇదే పని, ఇవే మాటలు.

"తాళం తిప్పి తిప్పి లోపల అరిగిపోయింది బాబాయ్. ఒకసారి పట్టుద్ది, ఒకసారి పట్టదు. ఇదిగో, కిట్టు తెప్పించా. బటన్ పెట్టెయ్. సాయంత్రం దుగ్గిరాల యార్డుకి పసుపు లోడు ఎత్తాలి."

"సాయంత్రానికి కాదబ్బాయ్. రేపు మధ్యాహ్నం దాకా బండి ఇక్కడే."

"నాలుగు వైర్లేగా?"

"నాలుగు వైర్లే. ఏది ఎందుకుందో తెలిసేదాకా ఒక్కదాన్నీ కొయ్యను."

మేస్త్రీ ముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీస్తాడు. స్టీరింగ్ కింద మూత విప్పి తాళం స్విచ్చు వెనక వైర్లు బయటికి లాగుతాడు. కిట్టుతో వచ్చిన కాగితంలో ఎర్రది ఇక్కడ, పచ్చది అక్కడ అని బొమ్మ ఉంటుంది. అవి కిట్టు రంగులు, బండి రంగులు కావు. ఇరవై ఏళ్ల బండిలో ఇదివరకు ఎవరెవరు ఏ తీగ అతికారో దేవుడికే తెలియాలి. అందుకే బ్యాటరీ మళ్లీ తగిలించి, మల్టీమీటరు పట్టుకుని కూర్చుంటాడు. తాళం తీసేసినా 12 వోల్టులు చూపించేది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే వైరు. ఒక మెట్టు తిప్పితే ప్రాణం వచ్చేది పాటల డబ్బా వైరు. రెండో మెట్టులో వచ్చి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా పోకుండా ఉండేది ఇగ్నిషన్. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రమే వచ్చి, తాళం వదలగానే పోయేది స్టార్టర్ వైరు. రెండోదాన్ని, మూడోదాన్ని కలగాపులగం చేస్తే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. ఆ తప్పు వెతకడానికి రెండు రోజులు పడుతుంది.

ఒక్కో వైరుకు కాగితం ముక్క చుట్టి పేరు రాసుకుంటాడు. ఈ ఓపిక చూసే పనిమంతుడెవరో, కాదెవరో చెప్పొచ్చు.

కుర్రాడు రిమోటు చేతిలో తిప్పుతూ ఉత్సాహంగా అంటాడు. "దీంతో ఇంట్లో కూర్చునే స్టార్ట్ చెయ్యొచ్చంట బాబాయ్. పొద్దున్నే నొక్కితే మనం టీ తాగొచ్చేలోపు ఇంజన్ వేడెక్కి ఉంటది."

"రాత్రి బండి ఎక్కడ పెడతావురా?"

"కాలవ కట్ట మీద. ఇంటి ముందు చోటు లేదుగా."

"న్యూట్రల్లో పెడతావా, గేర్లోనా?"

"కట్ట వాలు కదా బాబాయ్. హ్యాండ్ బ్రేకు అంత పట్టదు. ఫస్ట్ గేర్లో పెట్టి, టైరు కింద రాయి పెడతా."

మేస్త్రీ పనిముట్టు కింద పెట్టి కుర్రాడి ముఖంలోకి చూస్తాడు. "గేర్లో ఉన్న బండిని నువ్వు ఇంట్లోంచి నొక్కితే ఏమవుద్ది?"

కుర్రాడికి అర్థమవడానికి క్షణం పడుతుంది. సెల్ఫ్ మోటారు ఒక్కటే, ఇంజన్ లేవకపోయినా సరే, ఫస్ట్ గేర్లో బండిని ముందుకు లాగేస్తుంది. ఇంజన్ కూడా అందుకుందా, ఇక రాయి ఏ మూల? కట్ట మీద పిల్లలు ఆడుకుంటుంటారు, బర్రెలు తోలుకుపోయేవాళ్లుంటారు. పక్కనే కాలవ.

ఇలాంటి కిట్లు ఎక్కువ భాగం ఆటోమేటిక్ గేరు ఉన్న కార్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఆ కార్లలో గేరు మీట పార్కింగులోనో న్యూట్రల్లోనో ఉంటే తప్ప స్టార్టరు కదలని ఏర్పాటు కంపెనీయే చేస్తుంది. కాబట్టి కిట్టు బ్రేకు ఒక్కటే అడుగుతుంది. బ్రేకు దీపం వైరులో 12 వోల్టులు వస్తే కాలు బ్రేకు మీద ఉందనుకుని ఇంజన్ లేపుతుంది. మన మినీ లారీ గేరు చేత్తో వేసేది. గేర్లో ఉందో న్యూట్రల్లో ఉందో ఆ నల్లపెట్టెకు ఎవరూ చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?

చెప్పే ఉపాయం పాతదే. క్లచ్ పెడల్ దగ్గర ఒక చిన్న స్విచ్చు బిగిస్తారు. పెడల్ పూర్తిగా తొక్కితేనే అది కలుస్తుంది. కిట్టు పంపే స్టార్ట్ కరెంటు నేరుగా సెల్ఫ్‌కి పోదు. మధ్యలో రిలే ఉంటుంది. రిలే కాళ్ల మీద అంకెలు ఉంటాయి. 86కి కిట్టు నుంచి వచ్చే స్టార్ట్ వైరు. 85 నేరుగా బాడీ ఎర్తుకు పోకుండా క్లచ్ స్విచ్చు మీదుగా పోవాలి. 30కి ఫ్యూజు దాటి వచ్చిన బ్యాటరీ కరెంటు. 87 నుంచి సెల్ఫ్ మోటారు మీది సోలినాయిడ్‌కి. క్లచ్ తొక్కకపోతే 85కి ఎర్తు అందదు. ఎర్తు అందకపోతే రిలే పట్టదు. అప్పుడు బటన్ ఎన్నిసార్లు నొక్కినా, రిమోటు ఎక్కడి నుంచి నొక్కినా సెల్ఫ్ కదలదు. 1912లో కాడిలాక్ బండి క్లచ్ పెడల్‌తో చేసిన పనే, ఇక్కడ ఒక చిన్న స్విచ్చు, రెండు మూరల తీగ చేస్తున్నాయి.

"రిమోట్ స్టార్ట్ వైరు అసలు కలపను. క్లచ్ స్విచ్చు ఉంది కదా, ఏం కాదులే అని కూడా కలపను. తలుపులు తియ్యడానికి, వెయ్యడానికి వాడుకో రిమోటు."

కుర్రాడు మారు మాట్లాడడు. కట్ట సంగతి అతని కళ్లముందు ఇంకా ఆడుతూనే ఉంది.

బటన్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర కాసేపు వాదన నడుస్తుంది. కుర్రాడికి గేరు రాడ్డు పక్కన, అందరికీ కనపడేలా కావాలి. మేస్త్రీ ఒప్పుకోడు. అది క్లీనర్ మోకాలు తగిలే చోటు, పక్క సీట్లో పిల్లాడు కూర్చుంటే చెయ్యి ముందు పడే చోటు. నడుస్తున్న బండిలో ఇంజన్ ఆగిపోతే బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ అందదు. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ బండయితే చక్రం కూడా తిరగనని మొరాయిస్తుంది. పది టన్నుల లారీ ఎదురొస్తున్నప్పుడు ఆ స్థితి పగవాడికి కూడా రాకూడదు. కొన్ని కిట్లలో నడుస్తుండగా బటన్ నొక్కితే వెంటనే ఆపకుండా, కాసేపు నొక్కి పట్టుకుంటేనే ఆపే ఏర్పాటు ఉంటుంది. కొన్నిట్లో అదీ ఉండదు. చివరకు బటన్ స్టీరింగ్‌కి కుడిపక్క, డ్యాష్ బోర్డులో కాస్త లోపలికి, డ్రైవరు చెయ్యి తప్ప మరొకటి పోని చోట కుదురుతుంది.

తర్వాత స్టీరింగ్ లాక్. ఇక్కడే చాలామంది తొందరపడతారు. బటన్ వచ్చాక తాళం ఎందుకని, స్టీరింగ్‌ని బిగించే పిన్ను పీకేయిస్తారు. పీకిన రోజు నుంచి ఆ బండిని ఎవరైనా తోసుకుపోవచ్చు. పిన్ను ఉంచి తాళం తీసేస్తే అంతకన్నా ప్రమాదం. తాళం తీసిన స్టీరింగ్ తిరుగుతూ తిరుగుతూ ఉంటే ఎక్కడో పిన్ను టక్కున పడిపోతుంది. నడిచే బండిలో అది పడితే మలుపు తిరగడం ఉండదు.

"అందుకని తాళం పెట్టి ఒక మెట్టు తిప్పి ఉంచు. బండి ఆపి దిగేటప్పుడు తాళం తీసుకో. పిన్ను జోలికి నేను పోను."

"మరి తాళం పెట్టేదానికి బటన్ ఎందుకు బాబాయ్?"

"నీ తాళంలో అరిగింది సెల్ఫ్ కొట్టే కాంటాక్టేగా? ఆ పని బటన్ చేస్తది. పైగా పాత వైరింగ్ నేను కొయ్యలేదు, పక్కన కలిపా. అర్ధరాత్రి పొన్నూరు రోడ్డు మీద ఈ నల్లపెట్టె చచ్చిందనుకో, తాళం తిప్పి ఇంటికి రావచ్చు. ఒకసారి పట్టకపోతే ఇంకోసారి పట్టుద్ది."

ఈ జవాబు నాకు బాగా నచ్చుతుంది. కొత్తది పెట్టాలంటే పాతదాన్ని నరికెయ్యాలనుకునేవాళ్లు అన్ని పనుల్లోనూ ఉంటారు. దారిలో ఒంటరిగా ఆగిపోయే మనిషి గురించి ఆలోచించే మేస్త్రీ పాతదాన్ని అట్టిపెడతాడు.

ఇక జాయింట్లు. తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం ఇంట్లో ఫ్యానుకు సరిపోతుందేమో గానీ లారీకి సరిపోదు. మన పొలం దారుల్లో, నల్లరేగడి గుంతల్లో బండి రోజంతా అదురుతూనే ఉంటుంది. ఎండకు టేపు జిగురు కరిగి ఊడుతుంది. మెలిక వదులైతే అక్కడ వేడి పుడుతుంది. వేడి పుట్టిన చోట వరిగడ్డి ముక్కో, నూనె గుడ్డో ఉంటే మిగిలేది ఇనుమే. మేస్త్రీ ప్రతి అతుకుకూ టంకం పెట్టి, దాని మీదికి గొట్టం తొడిగి వేడితో బిగిస్తాడు. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెడతాడు, క్యాబిన్లో పెట్టడు. మధ్యలో తీగ ఒరుసుకుని బాడీకి తగిలినా ఫ్యూజు కొట్టేసి కరెంటు అక్కడే ఆగాలి. ఇంజన్ గదిలోంచి క్యాబిన్లోకి వచ్చే కంతలో రబ్బరు గ్రోమెట్ లేకపోతే అది దొరికేదాకా పని ఆపుతాడు.

డీజిల్ బండికి ఇంకో సంగతి ఉంది. గ్లో ప్లగ్గులున్న ఇంజన్ అయితే, ఇగ్నిషన్ వేశాక అవి వేడెక్కడానికి కొన్ని సెకన్లు ఆగాలి. బటన్ అలవాటైనవాడు ఆగడు, ఎక్కీ ఎక్కగానే నొక్కుతాడు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున ఇంజన్ ఊరికే తిరిగి తిరిగి బ్యాటరీ దిగిపోతుంది. ఒక నొక్కుకు ఇగ్నిషన్, గ్లో ప్లగ్గుల దీపం ఆరాక క్లచ్ తొక్కి ఇంకో నొక్కుకు సెల్ఫ్. కుర్రాడి చేత అది పదే పదే చేయిస్తాడు. ఒకేసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ తిప్పొద్దని, అందుకోకపోతే మోటారును కాస్త చల్లబడనిచ్చి మళ్లీ కొట్టమని చెబుతాడు. కెటరింగ్ మోటారుకు ఇచ్చిన పది అడుగుల హద్దు ఈ మోటారుకు కూడా ఉంది.

బిఎస్-6 బండ్లు వచ్చాక పని ఇంకా జాగ్రత్తగా చెయ్యాల్సి వస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే లారీల్లో ఇంజన్ అంతా కంప్యూటరు చేతిలోనే నడుస్తుంది. తాళంలో చిప్ ఉండే బండికి ఆ చిప్ కనపడకపోతే ఇంజన్ లేవదు. బల్బు పెట్టి గుచ్చి చూసే పాత పద్ధతి ఆ తీగల మీద చేస్తే కంప్యూటరే పోవచ్చు. అలాంటి బండి వస్తే ఈ మేస్త్రీ కంపెనీ షోరూముకి పంపేస్తాడు. వారంటీ ఉన్న బండిలో తీగ కొయ్యడం అతనికి ఇష్టం లేదు.

మర్నాడు మధ్యాహ్నం పరీక్ష. షెడ్డు ముందు చదును నేల. బండి ముందు ఎవరూ లేకుండా చూసుకుంటారు. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకు దుంగలు పెట్టి, మేస్త్రీ తానే సీట్లో కూర్చుంటాడు. ఫస్ట్ గేరు వేస్తాడు. క్లచ్ తొక్కడు. బ్రేకు తొక్కి బటన్ నొక్కుతాడు. డ్యాష్ బోర్డు దీపాలు వెలుగుతాయి, సెల్ఫ్ కదలదు. రివర్స్ గేర్లో మళ్లీ అదే. కదలదు. న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ పూర్తిగా తొక్కి నొక్కితే ఒక్క ఊపులో ఇంజన్ అందుకుంటుంది. క్లచ్ సగం తొక్కి చూస్తాడు. సగంలోనే స్విచ్చు కలుస్తోంది. దిగి, పెడల్ కిందికి దూరి, స్విచ్చు బ్రాకెట్ కాస్త వెనక్కి జరిపి మళ్లీ మొదటి నుంచీ అన్నీ చేస్తాడు. కంట్రోల్ పెట్టె ఊడదీసి తాళంతో స్టార్ట్ చేస్తాడు. రిమోటులో సెల్లు తీసేసి, దాన్ని బటన్ దగ్గర ఆనిస్తే కిట్టు గుర్తుపడుతుందో లేదో చూస్తాడు.

ఇదంతా అయ్యేసరికి ఇంకో మినీ లారీ వచ్చి ఆగుతుంది. దిగిన నడివయసు మనిషి కుర్రాడి బండిలో బటన్ చూసి ముచ్చటపడతాడు.

"నాక్కూడా ఒకటి పెట్టు మేస్త్రీ. కిట్టూ గిట్టూ ఏం వద్దు. కాలింగ్ బెల్ స్విచ్చు లాంటిది తెచ్చి సెల్ఫ్ వైరుకి డైరెక్టుగా కలిపెయ్. అరగంట పని. రిమోటు అక్కర్లేదు, క్లచ్ స్విచ్చు అంతకన్నా అక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా బండి తోలుతున్నా, నాకు తెలవదా ఏ గేర్లో ఉందో?"

"మీకు తెలుసండీ. మీ క్యాబిన్లోకి ఎక్కే మనవడికి తెలవదుగా?"

"పక్క షెడ్డులో పెడతానంటున్నారు."

"పెట్టనీయండి. నేను మాత్రం పెట్టను. తెనాలిలో క్లచ్ స్విచ్చు దొరుకుద్ది, ఒక రిలే, ఒక ఫ్యూజు హోల్డరు కూడా తెచ్చుకోండి. మజూరీ మీ ఇష్టం, ఎంతిచ్చినా తీసుకుంటా. అవి లేకుండా మీ బండి మూత కూడా విప్పను."

ఆయన కాసేపు చక్రం మీద చెయ్యి వేసుకుని నిలబడతాడు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీస్తాడు.

"ఏంటేంటి తేవాలి? మళ్లీ చెప్పు, రాసుకుంటా."